తువాలు కింద బంతి

మా అబ్బాయి ఫోన్లో ఏదో కొత్త ఆట ఎక్కించుకొచ్చి నా చేతిలో పెట్టినప్పుడు నేను ముందు చూసింది ఆటను కాదు, వాడి మొహాన్ని. అడగకుండా తెచ్చిచ్చే రకం కాదు వాడు. అంగట్లో పుట్టి అంగట్లో పెరిగిన పిల్లోడు. "నువ్వాడుకునే ఆ పాత డబ్బా ఆటేనమ్మా ఇది, బేస్‌బాలు. కొత్తగా చేసినారు. చూడు, మనుషులు మనుషుల మాదిరే ఉండారు," అన్నాడు. ఉన్నారు, కాదనను. బంతి వేసేవాడి మెడ మీద చెమట కూడా కనబడుతోంది. వెనక జనం, ఈలలు, గోల. అయితే బంతి వాడి చేతిలోంచి బయటపడకముందే అది ఎక్కడికి వస్తుందో గుండ్రంగా వెలుగు పడింది. "ఇదెవరు చూపిస్తాండార్రా?" అన్నా. "ఆటే చూపిస్తాదమ్మా, నీకు సులువుగా ఉండాలని." అక్కడే నాకు అనుమానం మొదలైంది. నంద్యాల బజారులో ఇంతకాలంగా స్టీలు సామాన్లు అమ్ముతున్నదాన్ని. నాకు సులువు చేస్తానని వచ్చినవాళ్లలో తన లాభం చూసుకోకుండా వచ్చినవాడు ఒక్కడూ లేడు. అనుకున్నట్టే, ఇంకాసేపటికి ఆ ఆట నవ్వుమొహం పెట్టి కొత్త బ్యాటు కొనుక్కోమంది. ఫోను వాడికే ఇచ్చేశా.

"అయితే ఆ పాతదాంట్లో ఏముండాదమ్మా? మనుషులు చీమల మాదిరి కనబడతారు," అన్నాడు వాడు కొంచెం నొచ్చుకొని. అడగాల్సిన మాటే. మా గోడౌనులో బిందెలకూ పాలక్యాన్లకూ మధ్య ఒక డబ్బా టీవీ, దాని కింద ఆ ఆట పెట్టె, రెంటి మీదా కప్పిన ఎర్రంచు తువాలు ఉంటాయి. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక నేను అక్కడికి పోయి కూచుంటా. సరుకు చూసుకుంటున్నానని చెబుతా. ఎవరూ నమ్మరు. నమ్మినట్టు తలాడిస్తారు, మా బజారు మర్యాద అది. వాడికి జవాబు చెప్పాలంటే నేను ఆళ్లగడ్డ దాకా పోయి రావాలి, అదీ ఎద్దులు ఇంకా సంతకు వచ్చే కాలానికి.

మా ఇంట్లో అనుమానపడటాన్ని ఎవరూ తప్పుగా చూసేవాళ్లు కాదు. పొద్దున లేచి పళ్లు తోముకోవడం లాంటిదది. మా నాయన బిందె కొనేటప్పుడు దాన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని వినేవాడు. అమ్మేటప్పుడు మళ్లీ ఒకసారి కొట్టి వినేవాడు, కొన్ననాడు తన చెవి మోసపోయిందేమోనని. అమ్మ చెనిక్కాయల నూనె చేతి వెనక రాసుకొని వాసన చూడందే డబ్బాలో పోయించుకునేది కాదు. చుట్టాలొస్తే మంచినీళ్లు ఇస్తూనే ఏం పనిమీద వచ్చారో కనిపెట్టేవాళ్లం. నేను పావడాలు కట్టే వయసులోనే గాజులంగట్లో బేరం తెంచుకున్నట్టు లేచి, మెట్టు దిగేలోపల వెనక్కి పిలిపించుకునేదాన్ని. ఒక్కసారి మాత్రం ఆ గాజులాయన పిలవలేదు. వీధి మలుపు దాకా చెవులు వెనక్కి పెట్టుకొని నడిచా. ముదురాకుపచ్చ గాజులు, సన్న అంచు. ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

ఎండాకాలం సెలవులకు నన్ను ఆళ్లగడ్డలో మా మేనమామ పుల్లయ్య ఇంటికి పంపేవాళ్లు. ముందర అంగడి, వెనక ఇల్లు. అంగట్లో పలుపులు, మోకులు, ఎద్దుల ముక్కుకు వేసే తాళ్లు, మెడకు కట్టే గంటలు, చర్నాకోలలు వేలాడుతుండేవి. కొబ్బరినార వాసన, కొత్త తోలు వాసన, తాళ్లకు పట్టించే ఆముదం వాసన కలిసి ఆ ఇంటి అన్నంలోకి కూడా వచ్చేవి. ఓబుళమ్మత్త జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. అప్పటికే మామ గడప మీద కూచుని ప్రతి తాడునూ కాలి బొటనవేలికి చుట్టి, పళ్లు బిగించి లాగి చూస్తుండేవాడు. తను పేనిన తాడును కూడా అట్లాగే లాగేవాడు. "నువ్వే పేనితివి గదా మామా?" అంటే, "పేనేటప్పుడు నా మనసు యాడుందో!" అనేవాడు. తన మీద తనకే అనుమానం ఉన్న మనిషిని నేను చూసింది అప్పుడే.

మామకు అంగడికంటే పెద్ద పని ఇంకోటి ఉండేది. సంతరోజు ఎద్దుల బేరాలకు ఆయనే దళారి. అమ్మేవాడి చెయ్యి పట్టుకొని, దాని మీద భుజాన ఉన్న తువాలు కప్పేవాడు. నోటితో "మిడుతూరు పక్క వానలు పడినాయంటనే" అని ఏదో మాట. తలేమో ఎవరేమన్నా సరేసరే అని ఊగుతుండేది. అసలు బేరం మాత్రం తువాలు కింద వేళ్లతో నడిచేది. ఏ వేలు పట్టుకున్నాడు, ఏ కణుపు నొక్కాడు అన్నది పక్కన ఊపిరి తగిలేంత దగ్గర నిలబడ్డవాడికి కూడా తెలియదు. ఆడవాళ్లు ఆ సంతలోకి పోరు. నేను అంగడి మెట్టు మీద నుంచి ఆ తువాలు కదలడం మాత్రం చూసేదాన్ని. "యేళ్లతో ఏం చెప్తావ్ మామా?" అంటే, "ఆడపిల్లకెందుకుమ్మే అది," అని తువాలు దులిపి భుజాన వేసుకునేవాడు.

ఒకరోజు మామ చాగలమర్రి నుంచి బస్సు దిగుతూ చంకలో ఒక అట్టపెట్టె తెచ్చాడు. మద్రాసు నుంచి వచ్చే లారీ డ్రైవరెవరో అమ్మాడట. టీవీకి తగిలించుకొని ఆడే ఆట, చేత పట్టుకొని బటన్లు నొక్కే చేతిపట్టీలు రెండు, ఒక పసుపుపచ్చ క్యాసెట్టు. క్యాసెట్టు మీద తొమ్మిదులు వరసగా అచ్చేసి, అన్ని ఆటలున్నాయని బొమ్మలతో సహా వేశారు. మేము నమ్మే వంశం కాదు. నేనూ, మామ కొడుకు శీనుబావా కూచుని ఒక్కొక్కటే తెరిచి చూశాం. మొదటి పేజీ దాటగానే బండారం బయటపడింది. అవే నాలుగైదు ఆటలు. కారు ఒకచోట ఎర్రది, ఇంకోచోట పచ్చది, పేరు మాత్రం వేరు. మామకు కోపం వస్తుందనుకున్నాం. ఆయన గోడకు ఆనుకొని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఒకే చీరను మడత మార్చి మడత మార్చి చూపించినట్లుందే. ఈ క్యాసెట్టు చేసినోడెవడో మనకంటే మంచి అంగడోడప్పా!"

ఆ నాలుగైదింట్లో ఒకటి బేస్‌బాలు. మాకు ఆ పేరు తెలియదు, క్రికెట్టనుకున్నాం. చూస్తే వికెట్లు లేవు. బ్యాటు రోకలిబండలా గుండ్రంగా ఉంది. కొట్టినవాడు ఎదురుగా పరిగెత్తకుండా పక్కకు పోతున్నాడు. "వీనికి దోవ తెల్దేమో," అన్నాడు బావ. మామ కాఫీలోటాతో వచ్చి నిలబడి చాలాసేపు చూశాడు. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూచుని ఒకడుంటాడు చూడండి, వాణ్ని చూపించాడు. "ఆ కూచున్నోడు ఎవరో తెలిసిందా? దళారి."

"దళారేంది నాయనా, ఆటలో?" అన్నాడు బావ.

"మరేమనుకుంటివి? బంతేసేటోడు అమ్మేటోడు. కట్టె పట్టుకున్నోడు కొనేటోడు. వచ్చేది ఎట్లాంటి బంతో ముందే తెలిసినోడు మధ్యలో వాడొక్కడే. చెయ్యి కాళ్లసందున యాడ దాపెట్టినాడో చూడు."

మా ఇంట్లో ఆటకు అదే అర్థమై నిలబడిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఎక్కడో అసలు ఆట టీవీలో వస్తుంటే చూశా. ఆ కూచున్నవాడు నిజంగానే రెండు తొడల మధ్య చెయ్యి దాచి, అవతలివాళ్లకు కనబడకుండా, ఏ బంతి వెయ్యాలో వేళ్లతో చెబుతున్నాడు. చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఏమీ తెలియకుండా మామ అంత సరిగ్గా ఎట్లా చెప్పాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆట చెయ్యడం సులువే. బంతి వేసేటప్పుడు బాణాల బటన్ కిందికి నొక్కితే అది బేగా వస్తుంది, పైకి నొక్కితే నిదానంగా వస్తుంది, పక్కకు నొక్కితే వంకర పోతుంది. కొట్టేవాడికి ఒకటే బటన్. కొట్టాలా, వద్దా. మూడుసార్లు తప్పితే అవుటు. అందనంత పక్కగా నాలుగుసార్లు వేస్తే మాత్రం, బ్యాటు కదిలించకుండా నిలబడ్డవాడు ఊరికే మొదటి గడికి నడిచిపోతాడు. అది చూసి మామ ముచ్చటపడిపోయాడు. "కొనకుండా నిలబడినోనికి ఎదురిచ్చే అంగడి లోకంలో ఇదొక్కటే!" ఆ రోజు నుంచి అంగడి మూసి అన్నం తిన్న మధ్యాహ్నాలు ఆయన కూడా మాతో కూచోవడం మొదలుపెట్టాడు.

ముగ్గురం అనుమానపు మనుషులం పక్కపక్కన కూచుంటే ఏమవుతుంది? బావ టీవీ చూడటం మానేసి నా బొటనవేలు చూడటం మొదలుపెట్టాడు. వేలు పైకి పోతుందా కిందికి పోతుందా చూస్తే బంతి ఏదో తెలిసిపోతుంది కదా. "నువ్వు నా యేలు చూస్తాండావ్ బావా." "యాడ చూసినా? దోమ వాలింటే చూసినా." "దోమ నా యేలి మిందనే వాలల్లనా, నీ ముక్కు లేదా?" గొడవ వంటింటి దాకా పోయింది. మామ తన భుజం మీది తువాలు తీసి నా చేతుల మీద కప్పాడు. "ఇప్పుడు ఎయ్యి," అన్నాడు. అంతే. ఆ తర్వాత మా ఇంట్లో తువాలు లేకుండా ఆ ఆట ఎవరూ ఆడలేదు. నాకు తెలిసి లోకంలో ఇంకెక్కడా ఎవరూ ఇట్లా ఆడి ఉండరు.

తువాలు కప్పాక చూసేదానికి మిగిలింది మొహమొక్కటే. మామ మొహంలో చూసేదానికి ఏమీ ఉండదు. "ఆయప్ప మొగం చూసి కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాకు ఈనాటికీ తెల్దు," అనేది అత్త. వరసగా బేగా వచ్చే బంతులు వేసి, నా చెయ్యి దానికి అలవాటు పడ్డాక, అదే మొహంతో ఒక నిదానం బంతి వదిలేవాడు. అది చీమలా పాక్కుంటూ వచ్చేది. నేను ముందే కొట్టేసి, ఖాళీ బ్యాటుతో గుండ్రంగా తిరిగేదాన్ని. వేస్తాడని తెలుసు. ఎప్పుడేస్తాడో తెలియదు. ఈసారి వేస్తాడని ఆగితే బేగా వచ్చేది పడేది. ఎట్లాగో ఒకసారి ఆ నిదానం బంతినే బయటికి కొట్టేశా. గంతులేస్తుంటే మామ తువాలు కింద నా చెయ్యి పట్టుకొని, చూపుడువేలి నడిమి కణుపు గట్టిగా నొక్కి వదిలాడు. "ఏంది మామా అది?" "ఇంకొంచెం పైకి రా అని. బేరం ఈడికి సాలదు, ఒప్పుకోను, అట్లని లేచిపోను కూడా." ఆడపిల్లకెందుకన్న మనిషి అట్లా ఒక్కొక్క వేలూ నాకు చెప్పాడు. సంతలో అడుగు పెట్టకుండానే నేను ఆ భాష నేర్చుకున్నా. నిజం చెప్పాలంటే, నన్ను ఓడించడానికి వేరే దారిలేక నేర్పాడేమోనని కూడా నా అనుమానం. వేళ్ల మీద ధ్యాస పెట్టిన రోజుల్లో నేను చిత్తుగా ఓడిపోయేదాన్ని.

శీనుబావకు నన్నిచ్చి చెయ్యాలని రెండిళ్లలోనూ కొంతకాలం మాట నడిచింది. ఇద్దరమూ ఎదుటివాళ్లే ముందు అడగాలని కూచున్నాం, బేరం తెగలేదు. నాకు వేరే పెళ్లయింది. స్టీలంగడి పిల్లకు చుట్టాలందరూ స్టీలు బిందెలే చదివించారు. మామ ఒక్కడే ఆ అట్టపెట్టె చదివించాడు. ఆ తర్వాత ట్రాక్టర్లు ఎక్కువయ్యాయి, సంతకు ఎద్దులు తగ్గాయి, అంగట్లో గంటలు దుమ్ము పట్టాయి. ఇంకొన్నేళ్లకు మామకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది.

అత్త నంద్యాలకు ఫోను చేసింది. "రవణమ్మా, ఒకసారి వచ్చిపో. వచ్చేటప్పుడు ఆ ఆట డబ్బా తీస్కరా." గొంతులో ఏడుపు లేదు, పని ఉంది. పోయాక తెలిసింది. సెల్‌ఫోన్ల అంగడి పెట్టేవాళ్లు మామ అంగడి స్థలం అడుగుతున్నారు. బావ ఇచ్చేద్దామంటున్నాడు. బావను తప్పు పట్టలేను. "ఎద్దులే లేనప్పుడు ఈ పలుపులు ఎవరి మెడకు కట్టల్ల రవణా? నాయనను అడిగినా. తల ఊపినాడు," అన్నాడు. "నిన్న ఎవరయ్యా నువ్వు అని అడిగితే గూడా ఊపినాడు," అంది అత్త. తర్వాత నన్ను వంటింట్లోకి తీసుకుపోయి అసలు మాట చెప్పింది. "మనిషి లోపల ఉండాడా లేడా నాకు తెల్లేదు పాపా. ఉండాడంటే, ఆయప్ప మాట లేకుండా ఆ అంగడి తలుపు తీసి ఎవరికీ ఇయ్యను, వాడు నా కొడుకైనా సరే. లేడంటే ఏమైనా చేసుకోండి. నువ్వయితే ఆయప్ప దొంగతనాలన్నీ ఎరిగినదానివి."

నాకు వాళ్లకు లేని మూడో అనుమానం ఒకటుంది. సంతలో అందరికీ తల ఊపుతూ తువాలు కింద వేరే బేరం నడిపిన మనిషి కదా ఈయన. ఇదీ అట్లాంటిదేనేమో. ఎదురుగా కూచుని మొహంలోకి చూశా. ఒక పక్కకు జారిన మొహం, అంతే. ఇంతకుముందూ దాంట్లో ఏమీ కనబడేది కాదు, ఇప్పుడూ కనబడలేదు. టీవీకి డబ్బా తగిలించా. చేతిపట్టీ ఆయన తొడ మీద పెట్టి, కదలిక ఉన్న ఎడమచేతిని దానిమీద పరిచా. చిటికెనవేలు బాణాల మీదికి, బొటనవేలు అటుపక్క బటన్ మీదికి అందింది. తువాలు కప్పా. "వెయ్ మామా," అన్నా. చాలాసేపు ఏమీ కాలేదు. బావ గోడ గడియారం వైపు చూశాడు. అప్పుడొక బంతి వచ్చింది, బేగా వచ్చేదే. కొట్టబోయి తప్పా. ఇంకోటి, అదే వేగం. అదీ తప్పింది. అత్త నా మొహంలోకి చూసింది. బటన్ మీద వేలూ బాణాల మీద చేతి బరువూ పడితే చాలు, అట్లాంటి బంతి దానంతటదే వస్తుంది. చంటిపిల్ల నొక్కినా వస్తుంది.

అందుకే తువాలు కిందికి చెయ్యి పెట్టి ఆయన ఎడమచేతిని పట్టుకున్నా. చల్లగా ఉంది. సెల్‌ఫోన్ల వాళ్లు చెప్పిన ధర బావ నాకు చెప్పే ఉన్నాడు. దాన్ని వేళ్ల మీద, ఆయన నేర్పినట్టే, ఒక్కొక్కటిగా పెట్టా. నోటితో మాత్రం "పగిడ్యాల పక్క వానలెట్లుండాయో మామా," అన్నా. తల ఊపాడు. వేళ్లు కదల్లేదు. నేను చెయ్యి తీసుకోబోతుంటే నా చూపుడువేలి నడిమి కణుపు మీద బరువు పడింది. గట్టిగా కాదు, ఆ చేతిలో అంత గట్టితనం లేదు. పడి, ఉండి, లేచింది. ఆ చేతిని మళ్లీ చేతిపట్టీ మీద పరిచి బావ వైపు తిరిగా.

"బావా, అమ్మేదానికి ఆయప్పకు అడ్డం లేదు. ఆ ధరకు ఒప్పుకోడంట. ఇంకొంచెం పైకి రావల్లంట," అన్నా.

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "నాయన చెప్పినాడా, నువ్వు చెప్తాండావా? దాంట్లో నీకేమన్నా ఉండాదా?"

"ఏముంటాది? మీ పలుపులు తీస్కపోయి నా బిందెలకు కట్టుకోల్లనా?"

"చెయ్యి వణికింటాది రవణా. డాక్టరు చెప్పినాడు, ఊరికే వణుకుతాదని." ఆ మాటకు నాలో సగం ఒప్పుకుంది. అది వణుకు కాదని ఒట్టేసి చెప్పగలనా? అత్త వైపు తిరిగి అదే చెప్పబోతున్నా, వెనక టీవీలోంచి బంతి చేతిలో పడిన చప్పుడు. తిరిగి చూసేసరికి నా ఆటగాడు బ్యాటు ఎత్తకుండానే అవుటై నడిచిపోతున్నాడు. అత్త మాత్రం బంతిని చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "నిదానం బంతి పాపా. పాక్కుంటా వచ్చింది. నువ్వు అటు తిరిగినావా లేదా అని చూసి మరీ ఏసినాడు," అంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూస్తున్నట్టు బావ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఫోను తీసుకొని మెట్ల మీదికి పోయాడు. "లేదన్నా, మా నాయన ఒప్పుకోలేదు. అవును, నాయనే," అనడం వినబడింది.

మా అబ్బాయికి ఇదంతా చెప్పా. ఆ కొత్త ఆటలో మనిషి చెమట కనబడుతుంది, బంతి పడేచోటూ కనబడుతుంది. పక్కన మనిషి మాత్రం అక్కర్లేదు. ఈ పాతదాంట్లో చూసేదానికి ఏమీ లేదు కాబట్టే పక్కనున్నవాణ్ని చూడాలి. వాడు విని, అయితే ఆ ధర పెరిగిందా అని అడిగాడు. అంగట్లో పుట్టినవాడు కదా. పెరిగింది. పెరిగాక బావ వచ్చి, "ఇప్పుడు సరేనా నాయనా?" అని అడిగాడు. మామ తల ఊపాడు. బావ నా వైపు చూశాడు. నేను తువాలు కిందికి చెయ్యి పెట్టా.